చెదరని పాపిడి

ఎప్పట్నుంచో వరసగా వస్తున్న ఇంగ్లీషు గూఢచారి సినిమాల్లో పాతదొకటి తెలుగు మాటలతో టీవీలో వేసినప్పుడల్లా ఎర్రన్నకు ఒళ్లు మండుతుంది. వల బాగుచేస్తూనే తప్పులు పడతాడు. నిన్న సాయంత్రమూ అంతే. హీరో సముద్రంలోంచి లేచి ఒడ్డుకు నడిచొస్తుంటే, చేపలు కోస్తున్న పెళ్లాం కూర్మమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఎంత సక్కగున్నాడో!"

"ఒసే, సముద్రంలో ములిగినోడి పాపిడి సెదరదేటే? ఒంటికి ఉప్పునీరు తగలనోడు, ఆడేం మొగోడు!" అని కసిరాడు ఎర్రన్న. ఆమె చూపు మాత్రం టీవీ మీంచి కదల్లేదు.

ఈ ఉదయం వేట ముగించుకుని పడవ ఒడ్డుకు చేరుతుండగా, తోటివాళ్లకు వీపు తిప్పి, రొంటిన దాచిన దువ్వెన తీసి, చింపిరిజుట్టును నున్నగా దువ్వుకున్నాడు. చేపలకోసం గంపతో ఎదురొచ్చిన కూర్మమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది.

"ఏటి మావా, ఇయాల వేటకెల్లనేదా?"