గద్వాల ఎగ్జిబిషన్ల పిన్‌బాల్ మిషన్

పెండ్లయిన కొత్తల, ఒక వానాకాలం, మా ఆయన నన్ను ధరూర్ నుంచి షేర్ ఆటోల గద్వాల ఎగ్జిబిషన్‌కు తీస్కపోయిండు. అక్కడ రేకుల కింద ఒక పాత పిన్‌బాల్ మిషన్ ఉండె. బటన్ ఒత్తితే అద్దం కింద చిన్న రెక్కలు లేచి ఇనుప గోలీని మీదికి తంతయి. అది తగిలిన చోటల్లా లైటు వెలిగి గంట మోగుతది. ఆడుడు మొదలుపెట్టి నేను లోకం మరిచిన.

ముసురు పట్టి కాళ్ల కింద నేల తడిసింది. వేళ్లు జివ్వుమంటుంటే సంబురానికే అనుకున్న. కొంతసేపటికి గోలీ దేనికీ తగలకుండనే గంట మోగబట్టింది.

"సాలు, పోదాం రా," అన్నడు మా ఆయన.

"ఈ ఒక్క గోలీ అయిపోనీ."

ఆయన నా చెయ్యి పట్టుకొని ఉలిక్కిపడ్డడు. "కరెంటొస్తుంది!" అని అరిచి, కొంగు పట్టి నన్ను వెనక్కి గుంజిండు.

"ఏం గాదు బిడ్డా, పాత మిషన్ గదా," అనుకుంట మిషన్ నడిపే పెద్దాయన దాని మీద చెయ్యేసిండు. ఆ చెయ్యి అట్లనే అతుక్కపోయింది. మా ఆయన చెక్క స్టూలుతోని వైరును కొడితే ప్లగ్గు ఊడింది, పెద్దాయన కింద పడ్డడు. దవాఖానల బతికిండు గని, వంకరపోయిన ఆ చేతివేళ్లు మళ్ల సాగలేదంట.

మరుసటేడు ఎగ్జిబిషన్ పెట్టిన్రని తెలిసినప్పుడు నేనే ముందు అడిగిన: "ఆ మిషన్ మళ్ల తెచ్చిన్రా?"

మా ఆయన నా మొకం దిక్కు చూసి, బటన్ ఒత్తుతున్నట్టు ఆడుతున్న నా వేళ్లను పట్టుకొని ఆపిండు.