నూకాలక్క చెబితే నేను రాసిన ఉత్తరాలు

వాన పడే ముందు ఎండుచేపల వాసన ఘాటెక్కుతుంది. మొన్న మిడిల్ పాయింట్ బజారులో ఆ వాసనకు ఆగిపోతే, పక్కనున్నావిడ, "ఇది నూకాలు కూర్చునే చోటు కదా. పాపం, మొగుడి కోసం చూసి చూసి పిచ్చిదైపోయింది" అంది. మా డిగ్నాబాద్ పేటలో అందరూ చెప్పే కథ అదే. అబద్ధం. మా పక్కింటి నూకాలక్కకున్న తెలివి ఆ కథ చెప్పేవాళ్ళలో సగం మందికి లేదు.

శ్రీకాకుళం తీరం నుంచి ఓడలో వచ్చి ఈ దీవిలో దిగిన కొత్తలో ఆమెకు ఒక్క హిందీ ముక్క రాదు. ఇల్లు కదలాలంటే భయం. ఏడాది తిరిగేసరికి గంప ముందు కూర్చుని, చేప మొప్పలెత్తి పెదవి విరిచినవాణ్ణి, "లేనా హై తో లో భయ్యా, నహీ తో ఆగే బఢో" అని తరిమేసేది. "ఈ ఊర్లో నన్ను ఎవలి కోడలివని ఎవుడూ అడగడు గుంటా. సేప తాజాదేనా అంతాడు, అంతే" అని ఆశ్చర్యపోయేది. మాటకు మాట అప్పజెప్పడం నేను కాలేజీలో నేర్చుకోలేదు, ఆ గంప పక్కన నేర్చుకున్నాను.

ఒక వర్షాకాలం ఆమె భర్త గంగన్న వండూర్ రేవు నుంచి చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. పడవ ముక్క కూడా దొరకలేదు. నెల దాటాక మావాళ్ళ పెద్దలు వచ్చారు. గడ్డితో బొమ్మ చేసి దహనం చేద్దాం, బొట్టు తీసెయ్, వచ్చే ఓడలో నిన్ను అత్తవారింటికి పంపుతాం అన్నారు.

"తియ్యను. బర్మా ఒడ్డుకి కొట్టుకుపోయినోళ్ళు ఏళ్ళ తరవాత రాలేదా? ఆడూ వస్తాడు" అంది. పెద్దలు గడ్డిబొమ్మ మాట వదిలేసి వెళ్ళిపోయారు. అలా వచ్చినవాడొకడు మా వీధిలోనే ఉన్నాడు.

ఆ సాయంత్రం నన్ను పిలిచింది. "మా అత్తకి ఉత్తరం రాయి. ఆడు బర్మా జైల్లో ఉన్నాడని కబురొచ్చిందని."

"వచ్చిందా అక్కా?"

"ఏ కబురు? ఆ గాలికి పడవ మిగులుద్దేటి? ఆడు సచ్చినాడంటే నన్ను ఓడెక్కించెస్తారు. అక్కడ మా బావ గుమ్మంలో పడుండాల, ఆడు పెడితే తినాల. నానెల్లను."

"మరి ఆ ముసలమ్మ?"

"నా బదులు నువ్వెల్లి ఆ గుమ్మంలో కూకుంతావేటి? రాయి."

రాశాను. ఆరేళ్ళు రాశాను. ఊళ్ళో ఎవరి చేతో రాయించిన జవాబులు వచ్చేవి: కొడుకు వచ్చేదాకా చేప ముట్టనని మొక్కుకున్నాను, ఎప్పుడొదుల్తారు? నేను చదువుతుంటే నూకాలక్క చేపల పొట్టలు చీరడం ఆపేది కాదు. అయినా మళ్ళీ రాసేదాన్ని. ఆఖరి జవాబు బావ పంపాడు. ముసలమ్మ గుమ్మంలోనే, దారి వైపు తిరిగి పోయిందట. అక్క తలమీద నీళ్ళు పోసుకుని, తడి జుట్టుతోనే గంపెత్తుకుని బజారుకు వెళ్ళింది.

తర్వాత ఆమె కూడా పోయింది, ఇక్కడే, తన ఇంట్లోనే, బొట్టుతోనే. ఎవరైనా నన్ను లేచి వెళ్ళమంటే ఎందుకని అడిగే అలవాటు ఆమె ఇచ్చిందే. ఒక తల్లిని ఆరేళ్ళు గుమ్మంలో కూర్చోబెట్టిన చెయ్యి మాత్రం నాది, దాన్ని ఎవరిమీదికీ తోయను. కానీ ఒకటి తెలియాలి. అత్తను నమ్మించడానికి బతికున్నాడన్న మాట చాలు కదా. గడ్డం నెరిసిందనీ, పాదాలు పగిలాయనీ, నిద్రలో 'నూకాలూ' అని నీ పేరే కలవరిస్తున్నాడనీ నాచేత రాయించింది ఎవరికోసం, అక్కా?