అందరి ఎదుటా మార్చిన ఆయిల్

డింకా భర్త బెపో చనిపోయి నెల తిరక్కముందే అతని తమ్ముడు ఫ్రానే పడవ తాళంచెవి కోసం వచ్చాడు. డింకా సార్డీన్ చేపలకు ఉప్పు పట్టిస్తోంది. తలెత్తలేదు.

“వల లాగుతావు, కాదనను వదినా. ఇంజిన్ సంగతేంటి? ఆ ముసలి డీజిల్ అన్నయ్య మాట తప్ప ఇంకెవరి మాటా వినదు.”

“నీ మాట వింటుందా?”

“మగాణ్ణి. వినేలా చేస్తా.”

“ముందు మీ గాడిద వినేలా చెయ్యి. తాళం ఇవ్వను, పో.”

పెళ్లయిన నాటి నుంచీ ఆ పడవలో డింకా వల లాగింది, చుక్కాని పట్టింది. ఇంజిన్ పెట్టె మూత మాత్రం బెపో ఎత్తనిచ్చేవాడు కాదు. చేతులు పాడవుతాయనేవాడు. ఉప్పుకీ తాళ్లకీ పగిలిపోయిన చేతులు ఇంకేం పాడవుతాయని ఆమె ఏనాడూ అడగలేదు. ఇప్పుడది తలచుకుంటే దుఃఖం కన్నా కోపమే ఎక్కువగా వచ్చేది.

ఈస్టర్ దగ్గరపడింది. ఏటా ఆ రోజుల్లోనే ఇంజిన్ ఆయిల్ మార్చాలి. అవతలి ఒడ్డున పైన్ చెట్ల నీడలో ఎవరి కంటా పడకుండా చేసుకోవచ్చు. డింకా మాత్రం పడవను తెచ్చి సరిగ్గా రేవులోని వైన్ కొట్టు ఎదుట కట్టింది. ఫ్రానే, అతని జట్టు పగలంతా కూర్చునేది అక్కడే.

ఆయిల్ పలచబడేదాకా ఇంజిన్ నడిపి ఆపింది. ఇంజిన్ కింద గిన్నె పెట్టే చోటు లేదు కాబట్టి, ఆయిల్ కొలిచే కడ్డీని తీసి, ఆ రంధ్రంలోంచి సన్నని గొట్టం దించి చేతిపంపుతో పాత ఆయిల్‌ను డబ్బాలోకి తోడింది.

“ఏంటి డింకా, సూప్ కాస్తున్నావా?” అని అరిచాడొకడు.

“ఆ, నీ దినానికి!”

పాత ఆయిల్ ఫిల్టర్ ఎంత తిప్పినా కదల్లేదు. దాని పొట్టలోకి స్క్రూడ్రైవర్ దిగగొట్టి, దాన్నే పిడిగా పట్టుకుని మెలితిప్పింది. నల్లటి నూనె మోచేతిదాకా కారింది. కొత్త ఫిల్టర్ బిగించి, కొత్త ఆయిల్ పోసి, ఇంజిన్ తిప్పింది. మరుక్షణం ఫిల్టర్ అంచునుంచి ఆయిల్ చిమ్మి ఆమె మొహం మీద పడింది.

కొట్టంతా గొల్లున నవ్వింది. ఫ్రానే లేచి గట్టు అంచుకు వచ్చాడు.

“ఇక చాల్లే వదినా. పైకి రా, నేను చూస్తా.”

“పడవలో కాలు పెట్టావంటే ఈ డబ్బా నీ నెత్తిన బోర్లిస్తా!”

ఇంజిన్ ఆపేసింది. ఏడుపు ముంచుకొచ్చింది. ఇక్కడ ఏడిస్తే పడవ పోయినట్టేననుకుని ఆపుకుంది. ఫిల్టర్‌ను మళ్లీ విప్పి, అది కూర్చునే చోట వేలితో తడిమింది. మెత్తగా ఏదో తగిలింది. పాత ఫిల్టర్ రబ్బరు వాషర్ ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయింది. దాని మీదే కొత్తది బిగించింది తను!

పాతదాన్ని గీకి తీసింది. చోటంతా గుడ్డతో తుడిచింది. కొత్త వాషర్‌కు కాస్త ఆయిల్ రాసి, ఫిల్టర్‌ను చేత్తోనే బిగించింది. కారిపోయినంత ఆయిల్ పోసి ఇంజిన్ తిప్పింది. కళ్లార్పకుండా ఫిల్టర్ అంచునే చూసింది. చుక్క రాలలేదు. ఆపి, ఆయిల్ కిందికి దిగాక కడ్డీతో కొలిచి, తగ్గిన కాస్తా పోసింది. తాడు విప్పి, మొహం మీది నల్లమరకలతోనే సముద్రంలోకి సాగింది.

పొద్దు వాలకముందే తిరిగొచ్చింది. ఫ్రానే గట్టు మీద నిలబడి తాడందుకున్నాడు.

“ఇంతకీ ఎక్కడొచ్చింది తేడా?”

“పాత వాషర్. దాని పని అయిపోయినా వదలకుండా పట్టుకు వేళ్లాడింది, కొందరు మరుదుల్లాగ.”

కొట్టులో మళ్లీ నవ్వులు రేగాయి. ఫ్రానే చెవులు ఎర్రబడ్డాయి.

మరుసటి ఏడు కూడా పడవ కొట్టు ఎదుటే ఆగింది. ఈసారి ఫ్రానే భార్య లూచా పాత ఏప్రన్ కట్టుకొచ్చి, పడవలోకి దిగి గరాటు పట్టుకుంది. ఫ్రానే భోజనం పెట్టమని పిలిస్తే పడవలోంచే కేకేసింది: “చేపలు పొయ్యి మీదున్నాయి, పెట్టుకు తిను. నాకిక్కడ పనుంది!”