వణికిన శని గ్రహం

ఈ సాయంత్రం కుంఠా నాకాలోని మా డాబా మీద, నేను సొంతంగా చేసుకున్న టెలిస్కోపులో శని గ్రహం వణుకుతూ కనిపించింది. గొట్టం ఏ కోణంలో ఉందో వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పే ఎన్‌కోడర్ స్టాండుకు లేకపోవడమే లోపమని, కింద మరమగ్గం నడిపే నర్సయ్య మామతో వాపోయాను.

మామ డాబా మీదికొచ్చి, గొట్టానికి కన్ను ఆనించి చూశాడు. "యాడున్నదో కండ్లకు కనబడవట్టె గదరా! కింద నా సాంచా, ఆ మగ్గం దెబ్బలకు ఎగురుతున్నదది. థాంబ్, జర ఆగు, బంద్ జేసొస్త."

చాయ్‌కి కూడా మగ్గం ఆపని మనిషి, టవలు సగంలో ఉండగా ఆపేశాడు. శని వలయంతో సహా నిశ్చలంగా నిలిచింది. మామ పైకొచ్చేలోగా భూమి తిరగడం వల్ల అది పక్కకు జారిపోతే, గొట్టాన్ని చేత్తోనే జరిపి మళ్లీ పట్టాను.

ఇది రాసే వేళకీ మామ డాబా దిగలేదు, కింద మగ్గం మోగలేదు. ఇంకా నాకు ఎన్‌కోడర్ కావాలంటారా?