గాలి సెల్వరాజ్, మా ధాన్యపు గది

మా ముత్తాత వెంకటరమణ శెట్టి ఆండర్సన్‌పేట బజారులో ధాన్యం కొట్టు పెట్టారు. మా తాత సుబ్బయ్య శెట్టి కాలానికి బంగారు గని కార్మికుల కుటుంబాలకు రాగులు, బియ్యం మా కొట్టు నుంచే వెళ్ళేవి. బజారులో తగాదా వస్తే తీర్పు మా అరుగు మీదే జరిగేది. గని మూతపడింది, తర్వాత కొట్టూ మూతపడింది. ఈ సంగతి చెప్పడానికి నాకు సిగ్గు లేదు, ఎవరి జాలీ అక్కర్లేదు. నిన్న ఒక మందుల షాపులో దేవుడి పటం ముందు గుచ్చిన ఊదుబత్తి వాసన తగిలింది. నా చూపు పటం మీదికి పోలేదు. పొగ ఎటు వంగుతోందా అని చూస్తూ నిలబడిపోయాను. ఈ అలవాటు నాకు మా పక్కింటి సెల్వరాజ్ గారి నుంచి వచ్చింది.

ఆయన గనిలో వెంటిలేషన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. భూమి అడుగున సొరంగాల్లోకి గాలి ఎటునుంచి వస్తోంది, ఎటు పోతోంది అని చూడటమే ఆయన ఉద్యోగం. వీధంతా ఆయన్ని గాలి సెల్వరాజ్ అనేది. ఆ పేరు ఆయనకు ఇష్టం. “నేను లేకుంటే కింద ఒక్కడూ ఊపిరి పీల్చేవాడు కాదప్పా” అని టీ కొట్టులో అందరికీ వినపడేలా అనేవారు. గొప్పలు చెప్పుకోవడం మా ఇంట్లో తెలియని విద్య కాదు కాబట్టి, ఆయన గొప్పలు నాకు ఎబ్బెట్టుగా ఉండేవి కావు.

మా మేడ మీద గదుల్లో వేమగల్ ఫ్యాక్టరీ ఇంజనీర్లు అద్దెకుండేవారు. వాళ్ళ స్నానాల కోసం హీట్ పంప్ పెట్టించాను. అది గీజరులా కరెంటుతో నేరుగా నీళ్ళు కాచదు. చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగి నీళ్ళలోకి చేరుస్తుంది, బదులుగా చల్లగాలిని బయటికి ఊదుతుంది. బజారు వైపు గోడకు అలాంటి డబ్బా వేలాడటం నాకు నచ్చలేదు. దాన్ని ఖాళీగా ఉన్న ధాన్యపు గదిలో పెట్టించాను. ఎండాకాలమంతా బాగా పనిచేసింది. చలికాలం మొదలవగానే నీళ్ళు గోరువెచ్చగా కూడా రాలేదు.

మెకానిక్ వచ్చాడు. అతను ఉన్నంతసేపూ నీళ్ళు పొగలు కక్కాయి. అతను వెళ్ళిన మర్నాడు మళ్ళీ చల్లబడ్డాయి. మళ్ళీ పిలిపిస్తే మళ్ళీ అదే కథ. “మిషన్‌లో ఏమీ లేదు సార్” అని చేతులు దులుపుకున్నాడు. ఆదివారం లోపల బాగుకాకపోతే వేరే ఇల్లు చూసుకుంటామని ఇంజనీర్లు మర్యాదగానే చెప్పారు. ఆ అద్దె ఆగితే ఇల్లు నిలవదని అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు.

సెల్వరాజ్ గారు పిలవకుండానే వచ్చారు. “ఏంది చిన్నశెట్టీ, మీ మిషన్‌కు మెకానిక్ అంటే భయమంట గదా? ఆయనుంటేనే పని చేస్తాదంట?”

“దిష్టి తగిలిందప్పా. నిమ్మకాయ కట్టినాను” అంది అమ్మ.

“నిమ్మకాయ ఉండనీమ్మా, దాని పని దానిది. మెకానిక్ వచ్చినప్పుడు మీరేం చేస్తారు?”

“కాఫీ ఇస్తాం” అన్నాను.

“ఆయన పోయినాక?”

“తలుపులు మూసి గడియ పెడతాం.”

ఆయన కళ్ళు మెరిశాయి. “ఇంగేం, రా! లోపల కూర్చుందాం. గడియ అమ్మ పెడతాది.”

అలా మేమిద్దరం ధాన్యపు గదిలో పాత గోనెల మీద కూర్చున్నాం. మిషన్‌లో గ్యాసు తగ్గి ఉంటుందని ఆయన మొదట పందెం కాశారు. ఆ పందెం ఓడిపోతున్నానని తెలిసేకొద్దీ ఆయన ఉత్సాహం పెరిగింది. గది చల్లబడసాగింది. మిషన్ వెనక రేకుల మీద తేమ పట్టింది, ఆ తేమ తెల్లటి మంచుపొర అయింది. “గనిలో చెమటతో సచ్చినా, ఈడ చలితో సస్తానేమో” అంటూ ఆయన జేబులోంచి ఊదుబత్తి తీసి వెలిగించారు. మిషన్ ఊదిన గాలితో పొగ ఎదురు గోడ దాకా పోయింది. అక్కడ తిరిగి, పైకప్పు కింద నుంచి వచ్చి, మిషన్ వెనక్కే చేరింది.

“చూసినావా? కక్కిన గాలినే మళ్ళా మింగతా ఉండాది. ఈ గదిలోకి కొత్త గాలి యాడనుంచి వస్తాది?”

“రాదు” అన్నాను, కొంచెం గర్వంగానే. గాలి దూరితే గింజ చెడుతుందని మా తాత అనేవారు. ఏటా చలికాలానికి ముందు ఆ గది సందులన్నీ సున్నంతో పూడ్చడం మా ఇంట్లో పెద్దకొడుకు పని. గింజ లేకపోయినా ఆ పని నేను మానలేదు. ఆ ఏడూ శ్రద్ధగా పూడ్చాను.

ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వారు. “గింజకు అది మంచిదేనప్పా. మిషన్‌కు మాత్రం వేడి దొరికేది గాలిలోనే. వచ్చేదానికొక దోవ, పొయ్యేదానికొక దోవ ఉండాల.”

సందులు తెరిచాం. నీళ్ళు కాస్త వేడెక్కాయి గాని చాలలేదు. మెకానిక్ ఉన్నప్పుడు తెరిచి ఉండే వీధి వైపు టేకు తలుపులు తీసేసి, రాత్రింబవళ్ళు గాలి ఆడే కటకటాల తలుపు పెట్టాలన్నారాయన. ఇనుప పట్టీలు కొట్టిన ఆ తలుపులు మా ముత్తాత చేయించినవి. కటకటాలు పెడితే ఖాళీ గది, అందులోని డబ్బా, రెండూ బజారంతటికీ కనిపిస్తాయి.

“ఆ తలుపులు తెరిచి ఉంటే మీ తాత కంచం ముందు కూర్చునేవాడే కాదు” అంది అమ్మ.

“ఆయప్ప ఉంటే నేనే అడిగుంటాను తల్లీ” అన్నారు సెల్వరాజ్ గారు, ఈసారి నవ్వకుండా. “లోపలేముందో జనం చూస్తారనే గదా బాధ? రెండు దినాలు చూస్తారు. మూడో దినం వాళ్ళ పని వాళ్ళకుంటాది.”

అమ్మ నా వైపు తిరిగి, “వడ్రంగిని పిలువు” అంది.

శనివారానికి కటకటాలు బిగించారు. ఆదివారం పొద్దున ఇంజనీర్ల స్నానాల గదుల్లోంచి ఆవిరి వచ్చింది. ఎవరూ ఖాళీ చేయలేదు. బజారు వాళ్ళు లోపలికి తొంగి చూశారు. నేను అరుగు మీద నిటారుగా కూర్చుని, అడిగినవాళ్ళకు అది ఎలా పనిచేస్తుందో వివరించాను.

సెల్వరాజ్ గారు ఇప్పుడు లేరు. ఏదైనా చెడితే ఎవరి తప్పు అని అడగడం మా ఇంటి పద్ధతి. ఎవరూ లేనప్పుడు ఇక్కడ ఏం జరుగుతోంది అని అడగడం నాకు ఆయన నేర్పారు. మనుషుల విషయంలో కూడా ఇప్పుడు అదే అడుగుతున్నాను.

ఇల్లు ఇంకా మాదే. ఆ టేకు తలుపుల జతను బెంగళూరు పాత సామాన్ల వ్యాపారికి అమ్మేశాం.