ఒంటెను వెనక్కి పెట్టడానికి తిరువూరు వెళ్ళాను

తిరువూరులో చూడదగ్గవి ఏమున్నాయని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. నేను చూసినవి ఒక బస్టాండు, ఒక టీ కొట్టు, ఒక పెంకుటిల్లు, ఆ ఇంట్లో బియ్యం డబ్బా మీద పెట్టిన ఒక చదరంగం బల్ల. అయినా రాజమండ్రి నుంచి అక్కడికి వెళ్ళదలచినవారికి ఈ వివరాలు పనికిరావచ్చు. ముఖ్యంగా కార్డుల మీద చదరంగం ఆడేవారికి.

ముందు ప్రయాణానికి కారణం చెప్పాలి. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి రాజమండ్రిలో ఒక కర్మాగారంలో సూపర్వైజరుగా ఉన్నాను. మూడేళ్ళ క్రితం ఒక వారపత్రికలో వచ్చిన చదరంగం సమస్యలో తప్పుందని ఇద్దరు పాఠకులు రాశారు. ఒకడిని నేను. రెండోవారు తిరువూరు హైస్కూలులో లెక్కల మాస్టారు కోటేశ్వరరావు. పత్రికవారు మా చిరునామాలు కూడా అచ్చువేశారు. అప్పటినుంచి ఇద్దరం పోస్టు కార్డుల మీద ఆడుతున్నాం.

పద్ధతి ఇది. ఇద్దరి ఇళ్ళలోనూ ఒక్కో బల్ల ఉంటుంది, రెండింటి మీదా ఒకే ఆట. ఆయన తన ఎత్తు కార్డు మీద రాసి పంపుతారు. నేను నా బల్ల మీద ఆ పావు కదిపి, నా ఎత్తు రాసి పంపుతాను. ఎత్తు రాయడానికి ఒక్క వరస చాలు. మిగిలిన చోటు ఖాళీగా పోవడం ఇద్దరికీ ఇష్టం ఉండదు కనుక దాన్ని కష్టసుఖాలతో నింపుతాం. నా వైపు నుంచి మెస్సు సాంబారు, దానివల్ల కడుపులో గ్యాసు, నైట్ షిఫ్టు, మా ఫోర్‌మన్ నోరు. ఆయన వైపు నుంచి హెడ్మాస్టరు, కారే పెంకులు, చదరంగం అంటే భార్య సుశీలగారు పెట్టే ముఖం. కార్డుల్లో మాది 'నువ్వు', ఒక్కోసారి 'ఒరేయ్' కూడా. ముఖాలు మాత్రం చూసుకోలేదు.

ఆరు ఆటలు ఆడాం. ఆరూ నేనే ఓడాను. ఏడో ఆట మధ్యలో కోటేశ్వరరావు నుంచి వేయడానికి వీల్లేని ఎత్తు వచ్చింది. తన ఒంటె అసలు గడిలో కాక ఇంకో గడిలో ఉందనుకుని వేసిన ఎత్తు అది. మేం పెట్టుకున్న నియమం ప్రకారం తప్పు ఎత్తు వేసినవాడు ఆ పావునే మరో గడికి కదిపి తీరాలి. ఒంటె కదిలితే దాని వెనకున్న మంత్రి నాకు దొరుకుతుంది. ఆ సంగతి రాసి, చివర ఒక ముక్క చేర్చాను: "నీ బల్లను ఎవరో ముట్టుకున్నారు. ఇంట్లో విచారించు."

ఆయన విచారించారు. ట్యూషన్ పిల్లలందరి ముందూ భార్యను అడిగారు. ఆమె అలిగింది. ఏం చేయమంటావని నాకు కార్డు వచ్చింది.

నాకు పెళ్ళి కాలేదు. కాని కార్డు చదరంగంలో టైము కలిసి రావడానికి, 'నువ్వు ఇలా వేస్తే నేను ఇలా వేస్తాను' అని నాలుగైదు ఎత్తుల లైను ముందే రాసి పంపే అలవాటు ఉంది. ఆ అలవాటు చొప్పున రాశాను: "ఆమె మాట్లాడకపోతే నువ్వూ మాట్లాడకు. పుట్టింటికి వెళతానంటే ఆపకు. వెళితే, తీసుకురావడానికి వెళ్ళకు. మూడో రోజుకు తనే వస్తుంది."

ముందే రాసిన ఎత్తును తప్పడానికి మా ఆటలో వీల్లేదు. కోటేశ్వరరావు పొల్లుపోకుండా పాటించారు. సుశీలగారు ఎ.కొండూరులో పుట్టింటికి వెళ్ళి రెండు నెలలైంది. పోయిన వారం వచ్చిన కార్డులో ఎత్తు లేదు. "నీ లైను పనిచేయలేదు. సోమవారం మా మామగారు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వస్తున్నారు. వాళ్ళు కూర్చుంటే తెగేదాకా పోతుంది. ఈలోగా నువ్వు రా. ఇది చక్కబడేదాకా నేను ఎత్తు వేయను."

ఒక స్నేహితుడి కాపురం, నా మొదటి గెలుపు, రెండూ ఆగిపోయాయి. శనివారానికి సెలవు పెట్టి, మధ్యాహ్నం బస్సుకు వస్తున్నానని కార్డు వేశాను.

ఉదయం ఆరున్నరకు రాజమండ్రిలో పాసింజరు ఎక్కాను. సామాను ఒక చేతిసంచి. అందులో రెండు చొక్కాలు, సోడా ఉప్పు పొట్లం, కొన్ని ఖాళీ కార్డులు. ఏలూరులో ఇడ్లీ తిన్నాను. చట్నీ జోలికి పోలేదు. బెజవాడ చేరేసరికి పదకొండు దాటింది. తిరువూరుకు మైలవరం మీదుగా వెళ్ళే బస్సు ఎక్కాలి. నూజివీడు మీదుగా వెళ్ళేది చుట్టు. టికెట్టు నాలుగు రూపాయల లోపే. మధ్యాహ్నం బయల్దేరేవారు కుడివైపు కూర్చోవడం మంచిది, ఎండంతా ఎడమవైపు పడుతుంది. నాకిది కొండపల్లి దాటాక తెలిసింది.

మైలవరంలో ఒక పెద్దాయన కొత్త సైకిల్ టైరు దండలాగా మెడలో వేసుకుని ఎక్కి, నా పక్కన కూర్చున్నాడు.

"తిరువూరెవరింటికి బాబూ?"

"కోటేశ్వరరావు మాస్టారింటికండీ."

"అయ్యో పాపం, మీకు అక్కడ భోజనం ఎవరు పెడతారు? భార్య ఎ.కొండూరులో ఉందిగా. రాజమండ్రి కుర్రాడెవడో కార్డు ముక్క రాసి, నిక్షేపంలాంటి సంసారంలో నిప్పులు పోశాడు. ఇంతకీ మీదే ఊరు?"

"కాకినాడండీ," అన్నాను.

"మంచి ఊరు," అన్నాడాయన.

ఎ.కొండూరులో బస్సు ఆగినప్పుడు నేను సంచిలో ఏదో వెతుక్కున్నాను.

రెండు గంటలకు తిరువూరు. బస్టాండు ఎదురుగా ఉన్న టీ కొట్టుకు వెళ్ళాను. కొట్టు యజమాని నన్నూ, నా సంచినీ చూశాడు.

"రాజమండ్రేనాండీ? టీ వద్దులెండి, సోడా కొడతాను. మీకు గ్యాసుగా."

నేను కూర్చున్నాను.

"మీ ఫోర్‌మన్ దారికొచ్చాడా?"

"ఇవన్నీ మీకెలా తెలుసండీ?"

"మస్తాను చదువుతాడుగా, మా పోస్టుమాను. మా ఇల్లు మాస్టారింటి ఎదురే. మాస్టారు స్కూల్లో ఉంటారు, సుశీలమ్మగారి చేతిలో పనుంటుంది. అందుకని మస్తాను అరుగు మీద కూర్చుని పైకి చదువుతాడు. ఆవిడ వింటుంది, మేమూ వింటాం. కార్డన్నాక దాచేదేముందండీ?"

"మూడో రోజుకు తనే వస్తుంది... అన్నది కూడా చదివాడా?"

"రెండుసార్లు చదివాడండీ. ఆవిడే మళ్ళీ చదవమంది."

సోడా సీసా కింద పెట్టాను. ఎత్తు ఎంత మంచిదైనా ఎదుటివారికి ముందే తెలిస్తే పనిచేయదు. నేను దాన్ని ఎదుటివారి చిరునామాకే పోస్టు చేశాను.

అప్పుడే కోటేశ్వరరావు గొడుగు వేసుకుని వచ్చారు. నా ఈడువాడని మూడేళ్ళుగా అనుకుంటున్నాను. నలభై దాటిన మనిషి, బట్టతల. ఆయనా నా వెనక ఎవరైనా పెద్దవారు ఉన్నారేమోనని చూశారు.

"నమస్కారమండీ."

"నమస్కారమండీ. ప్రయాణం సుఖంగా జరిగిందాండీ?"

"జరిగిందండీ."

ఇంటికి వెళ్ళేదాకా మరో మాట లేదు. మాడిన అన్నంలో ఆవకాయ కలుపుకుని తిన్నాం. ఎండలు ముదిరాయన్నారు ఆయన. అవునన్నాను. 'ఒరేయ్' అని రాసిన చేయి ఇదేనా అని నేను ఆయన చేతినీ, ఆయన నా చేతినీ చూసుకుంటూ కూర్చున్నాం. చివరికి ఆయన లేచి, గూట్లోంచి రెండు కార్డులు తీసి, ఒకటి నాకిచ్చి, రెండోదానితో గదిలో అవతలి మూలకు వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చున్నారు. రాసి తెచ్చి నా చేతిలో పెట్టి, మళ్ళీ మూలకు వెళ్ళిపోయారు.

"ఒరేయ్, ఆమె రాకపోతే నేనేమైపోతానురా. ఇల్లు ఎలా ఉందో చూశావుగా. నేను నవ్వి రెండు నెలలైంది."

నేను రాశాను: "తప్పు నాది కూడా. రేపు పొద్దున్నే వెళదాం. ముందు ఆ బల్ల చూపించు."

బల్ల బియ్యం డబ్బా మీద ఉంది. దాన్ని చూడగానే ఆయనకు నోరు పెగిలింది. "ఇదుగోనండీ, ఇక్కడ నేను గుర్రం వేసి ఉంటే, మీరు బంటు వేస్తారు, అప్పుడు నా ఏనుగు..." అంటూ చకచకా పావులు జరిపారు. అంతలో పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చింది. ఒంటెను చేత్తో పట్టుకునే లోపలికి పరిగెత్తారు. తిరిగి వచ్చి, పావులన్నీ యథాస్థానంలో పెట్టారు, ఒక్క ఒంటెను తప్ప. అది రెండు గడుల అవతల నిలబడింది. ఆయన చూసుకోలేదు. తృప్తిగా చేతులు తుడుచుకున్నారు.

నేను కార్డు తీసుకుని రాశాను: "విచారణ ముగిసింది. బల్లను ముట్టుకున్నది నువ్వే."

ఆయన కార్డు చదివారు. బల్ల చూశారు. మళ్ళీ కార్డు చదివి, నెమ్మదిగా బియ్యం డబ్బా పక్కన కూలబడ్డారు.

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర బస్సుకు ఎ.కొండూరు వెళ్ళాం. దూరం ఎక్కువ లేదు, కాని కోటేశ్వరరావు దారి పొడుగునా పెదవులు కదుపుతూ ఏదో వల్లెవేసుకున్నారు. సుశీలగారు వాకిట్లో చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. భర్తను చూసి తల దించుకున్నారు, నన్ను చూసి ఎత్తారు.

"మూడో రోజు మీరేనా?"

"నమస్కారం అక్కయ్యగారూ."

"ఆ మంచం మీద కూర్చోండి తమ్ముడుగారూ. గ్యాసున్నవాళ్ళు నేల మీద కూర్చోకూడదు."

లోపలి నుంచి వాళ్ళ నాన్నగారు కర్ర పట్టుకుని వచ్చారు. "ఇతనేనా? ఒట్టి కుర్రాడే!" అని నిరాశపడ్డారు. నా చోట ఆయన ఇంకా పెద్ద మనిషిని ఊహించుకుని, మాటలు సిద్ధం చేసుకున్నట్టున్నారు.

కోటేశ్వరరావు వల్లెవేసినదంతా మరిచిపోయి ఒక్కటే అన్నారు. "సుశీలా, ఒంటెను కదిపింది నేనేనే. నిన్న ఈయన చూశారు."

"నేను ఆనాడే చూశాను. పప్పు మాడుతోందని కేకేస్తే ఒంటెను పట్టుకునే వంటింట్లోకి వచ్చారు."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడిగితేగా! ఎవరు కదిపారని అడిగితే చెప్పేదాన్ని. పిల్లలందరి ముందూ 'నువ్వు ముట్టుకున్నావా' అన్నారు."

"తప్పయిందే. ఒప్పుకుంటున్నాను."

"ఈ వాకిట్లో ఒప్పుకుంటే ఎవరికి వినపడుతుంది? నన్ను అన్నది కార్డు మీద. విన్నది వీధి వీధంతా. ఒప్పుకునేదీ కార్డు మీదే ఒప్పుకోవాలి." నావైపు తిరిగారు. "మీ దగ్గర కార్డులు ఉంటాయిగా?"

ఉన్నాయి. బల్లను ముట్టుకున్నది మాస్టారేనని రాశాను. మూడో రోజు అన్నది నా తెలివితక్కువతనమని రాశాను. అక్షరాలు పెద్దవిగా రాయమన్నారు, మస్తాను తడుముకోకుండా.

"ఇంకొకటి. ఆ ఒంటెను దాని చోట పెట్టించండి. ఆయన మళ్ళీ సరిగ్గా వేసుకుంటారు."

కలం ఆగింది. "అది ఆట నియమమండీ. తప్పు ఎత్తు వేసినవారికి శిక్ష ఉండాలి కదా."

"ఉండాలి. మరి మీరు వేసిన మూడో రోజు ఎత్తుకు శిక్ష ఏది?"

కోటేశ్వరరావే గొణిగారు, "నియమం నియమమేనే, ఆటను ఇందులోకి లాగకు." ఆమె చూసిన చూపుకు ఆయన చింతపండు గింజలు ఏరడంలో పడ్డారు. ఆరు ఓటములు, ఏడో ఆటలో చేతికందిన మంత్రి నా కళ్ళ ముందు వరసగా కదిలాయి. ఆ వరస చివర నిన్న గోడవైపు తిరిగి కూర్చున్న బట్టతల కనిపించింది. రాశాను: "ఒంటె వెనక్కి. నీ ఎత్తు మళ్ళీ వేసుకో."

సుశీలగారు చింతపండు చేతులు కడుక్కుని వచ్చి, కార్డు తీసుకుని ఊదారు. "నేనే పోస్టు డబ్బాలో వేస్తాను. ఇక్కడ కాదు, తిరువూరులో. రేపు మస్తాను చదివేటప్పుడు నేను అరుగు మీద ఉండాలిగా."

"మరి రేపటి పెద్దమనుషులమ్మా?" అన్నారు వాళ్ళ నాన్నగారు.

"రమ్మనండి నాన్నా. వాళ్ళూ వింటారు."

పదకొండు గంటలకు తిరువూరు వైపు బస్సు ముందు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. సుశీలగారు కిటికీలోంచి తల బయటపెట్టి అడిగారు.

"ఒంటె వెనక్కి వెళితే ఆట ఎవరిది తమ్ముడుగారూ?"

"మాస్టారిదేనండీ."

"అయితే ఓడిపోండి, పరవాలేదు. ఈసారి వచ్చేటప్పటికి వాము వేయించి ఉంచుతాను." తర్వాత లోపలికి తిరిగి, "ఏమండీ, కాస్త జరగండి, సంచి పెట్టుకోవాలి," అన్నారు. కోటేశ్వరరావు జరిగారు. రెండు నెలల తర్వాత ఆయన నవ్వడం బస్సు అద్దంలోంచి చూశాను. నాకు చేయి ఊపబోయి, ఏమనుకున్నారో, రెండు చేతులూ జోడించారు.

నా బస్సు పావుగంట తర్వాత వచ్చింది. తిరువూరుకు వెళ్ళేవారికి నేను చెప్పగలిగినవి ఇంతే. మంచినీళ్ళు వెంట తీసుకెళ్ళండి. మాస్టారింట్లో భోజనానికి ఇక భయపడనక్కర్లేదు. సంసారాల గురించి రాయవలసి వస్తే అంటించే కవరులో రాయండి, లేదా రాయకండి. రాజమండ్రిలో మూడేళ్ళుగా ఉంటున్నాను, నా పక్క గది ఆయనకు నా పేరు కూడా తెలియదు. ఎన్నడూ చూడని ఊళ్ళో టీ కొట్టతను నన్ను చూడగానే సోడా కొట్టాడు. ఈ లెక్క నాకు ఇంకా తేలలేదు.

బస్సులో ఒక్క సీటే ఖాళీ. పక్కన కిటికీ దగ్గర నిన్నటి పెద్దాయన. టైరు లేదు, ఒళ్ళో ములక్కాడల కట్ట ఉంది.

"కాకినాడ బాబూ! రండి రండి. మాస్టారి భార్య సంగతి ఏమైంది?"

"ఇప్పుడే వెళ్ళారండీ, ఇద్దరూ కలిసి."

"హమ్మయ్య! ఎవరు సర్దారు?"

"నేను కాకినాడ కాదండీ," అన్నాను. "రాజమండ్రి."

ఆయన నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. ములక్కాడలు ఎత్తుకుని లేచి నిలబడ్డాడు.

"ముందే చెప్పకూడదూ! ఇటు రండి, కిటికీ దగ్గర కూర్చోండి. మీకు గ్యాసుగా."