పాడె మీద తాతయ్య

మా తాతయ్య అల్చీదె అంత అందంగా చచ్చిపోగల మనిషి ఇటలీ మొత్తంలో ఇంకొకడు లేడు. మిలాన్‌లో లేడు, రోములో లేడు. నిజంగా చచ్చిపోయినవాళ్ళలో కూడా చాలామంది ఆయనంత బాగా చచ్చిపోలేదు. ఆయన పోయిన ప్రతిసారీ మా ఊరి థియేటర్‌లో మేయరు భార్యతో సహా అందరూ ముక్కులు చీదుకునేవారు. ఆ తర్వాత ఆయన లేచి, ముఖానికి పూసిన తెల్లపొడి సగం తుడుచుకుని, వెనక గుమ్మంలోంచి బయటపడి, సైకిలెక్కి ఇంటికొచ్చి ఇద్దరి భోజనం ఒక్కడే తినేవాడు.

పొట్టకూటి కోసం చేసిన పని వేరు. పంది తొడలకు ఉప్పు పట్టించే కార్ఖానాలో, చలిగదుల్లో, జుట్టు నెరిసేదాకా నిలబడ్డాడు. ఇప్పటికీ ఆయన చెయ్యి పట్టుకుంటే గరుకు కాగితం పట్టుకున్నట్టు ఉంటుంది. ఒపెరా మాత్రం ఆయనకు పని కాదు. అలాగని కాలక్షేపమూ కాదు. మా ఊళ్ళో అది ఎవరికీ కాలక్షేపం కాదు. రొట్టెలవాడు పిండి పిసుకుతూ రెండో అంకం పాడుకుంటాడు. పోస్టాఫీసు వరుసలో ఇద్దరు పెద్దావిడలు ఫలానా గాయనికి పైస్థాయిలో గొంతు బొంగురుపోయిందా లేదా అని పోట్లాడుకుంటుంటే, కిటికీ లోపలి గుమస్తా ముద్ర వేయడం ఆపేసి మూడో పక్షం పడతాడు. థియేటర్‌లో అన్నిటికంటే పైన, చెక్క బల్లల మీద కూర్చునే గ్యాలరీ జనం సంగతి చెప్పనక్కర్లేదు. వాళ్ళకు పాట నచ్చకపోతే ఈల వేస్తారు. మా దగ్గర ఈల అంటే తిట్టు. పెద్ద పెద్ద గాయకులు కూడా మా గ్యాలరీ పేరు చెబితే మంచినీళ్ళు అడుగుతారు.

తాతయ్యకు గొంతు లేదు. చిన్నప్పుడు చర్చిలో పాడబోతే పాదిరీగారు వంగి, "నాయనా, నువ్వు మనసులో పాడుకో, దేవుడికి వినిపిస్తుంది" అని చెవిలో చెప్పాడట. అందుకని స్టేజీ మీద ఆయనకు దొరికినవన్నీ మూగవేషాలే. బల్లెం పట్టుకున్న భటుడు, పళ్ళెం పట్టుకున్న నౌకరు. వాటన్నిటిలోకీ గొప్పది చచ్చిన రాజు వేషం. చివరి అంకంలో తెర లేచేసరికి రాజు పాడె మీద ఉంటాడు. రాణి వచ్చి ఆయన గుండె మీద తల వాల్చి పాడుతుంది. నీళ్ళు మరిగి, గుమ్మడికాయ ముద్ద కూరిన టొర్తెల్లి పిండిబిళ్ళలు ఉడికి, పైన చీజ్ తురిమి వడ్డించేదాకా సాగుతుంది ఆ పాట. అంతసేపూ రాజు కదలకూడదు.

సాధన వంటింటి బల్ల మీద. తాతయ్య వెల్లకిలా పడుకుంటే అమ్మమ్మ ఇనెస్ ఆయన పొట్ట మీద గిన్నె పెట్టి, పక్కనే కుర్చీ వేసుకుని అందులోకి చిక్కుడు గింజలు ఒలిచేది. గిన్నె కదిలితే గరిటెతో మోకాలి మీద ఒకటి ఇచ్చేది.

"చావడం కూడా చేతకాదా నీకు? పొట్టతో కాదయ్యా, వీపుతో పీల్చు. కింద బల్లలోకి పీల్చు."

"నువ్వు కొడితే ఎలా పీల్చను?"

"శవం మాట్లాడుతోందేమిటి?"

అలా నేర్చుకున్నాడు. ఆ ఒపెరా అంతా ఆయనకు కంఠతా వచ్చు, కాకపోతే ఆయన లెక్క వేరే. మద్దెలలు మోగేచోట గుటక వేయొచ్చు. బూరాలు ఊదేచోట గుండెనిండా ఊపిరి పీల్చుకోవచ్చు. రాణి గొంతు సన్నగా దారంలా దిగేచోట మాత్రం ఏమీ చేయకూడదు. దేవుడు పిలిచినా పలకకూడదు.

పోయినసారి ఆ ఒపెరా మా ఊరికి వచ్చినప్పుడు సరిగ్గా అక్కడే గుటక పడింది. గ్యాలరీ మొదటి వరసలో బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చున్నవాడు ఎవరో కాదు, తాతయ్య చిన్ననాటి స్నేహితుడు జెలిందో. రైల్వేలో సిగ్నళ్ళ దగ్గర పనిచేసి, ఎక్కడ తప్పు కనిపించినా ఎర్రదీపం చూసినట్టు నోరు ఊరుకోని మనిషి. అంత నిశ్శబ్దంలోనూ పైనుంచి కేకపెట్టాడు.

"అయ్యో, డాక్టర్ని పిలవండి! రాజుగారు గుటక వేశారు!"

థియేటర్ మొత్తం పకపకా నవ్వింది. రాణి పాట మధ్యలో ఆగిపోయింది. మర్నాడే ఆవిడ పెట్టె సర్దుకుని ఊరు విడిచింది. తాతయ్యకు పోవడానికి ఇంకో ఊరు లేదు. అప్పటినుంచీ కాఫీ బారులో రోజూ జెలిందోతోనే పేకాట. జెలిందో వైను గ్లాసు ఎత్తిన ప్రతిసారీ గొంతు పైకి లాగి, కళ్ళు మూసుకుని, గుటుక్కుమని మింగేవాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. తాతయ్య కూడా నవ్వేవాడు, కానీ ఆ రోజు ముక్కలు తప్పు వేసేవాడు.

ఈ వసంతంలో గోడ మీద మళ్ళీ అదే ఒపెరా పోస్టరు పడింది. తాతయ్య దాని ముందు చాలాసేపు నిలబడి, ఇంటికొచ్చి, తిన్నగా వంటింటి బల్ల మీద పడుకున్నాడు. అమ్మమ్మ ఆయన్ని ఒకసారి చూసి, గిన్నె తెచ్చి పొట్ట మీద పెట్టింది.

ఆయనకు కావలసింది ఒక్కటే. ఆ గ్యాలరీ ముందు, ఆ జెలిందో కళ్ళముందు, ఒక్కసారి సరిగ్గా చచ్చిపోవాలి.

దర్శకుడు కొర్రాదో కుర్రవాడు, మర్యాదస్థుడు. తాతయ్యకు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, అప్పుడు చెప్పాడు.

"తాతగారూ, ఏమీ అనుకోకండి. ఈసారి రాజుకు రబ్బరు బొమ్మ చేయించాం."

"బొమ్మా? బొమ్మ చచ్చిపోతే ఎవరికి బాధ?"

"మీరు పెద్దవారు. చలి, దీపాల వేడి... అక్కడే మీకు ఏమైనా అయితే?"

"అయితే ఇంకా బాగుంటుంది కదయ్యా. వేషం అతికినట్టు సరిపోతుంది."

కొర్రాదో నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. గుంపులో కాగడా పట్టుకుని నిలబడే వేషం ఇస్తానన్నాడు. తాతయ్య కాగడా తీసుకున్నాడు. కొత్త అల్లుడు పాత చెప్పులు తొడుక్కున్నట్టు, ముఖం ముడుచుకుని తీసుకున్నాడు.

రాణి వేషానికి వచ్చిన మార్జియా పక్క ఊరి ట్రాక్టర్ మెకానిక్ కూతురు. వియన్నాలో పాడింది, లిస్బన్‌లో పాడింది, మా ఊళ్ళో ఇంకా పాడలేదు. రిహార్సల్‌లో ఆమె బొమ్మ గుండె మీద తల వాల్చి పాట ఎత్తుకుంది. తాతయ్య వెనక వరసలో కాగడా పట్టుకుని ఉన్నాడు. సన్నటి దారం లాంటి ఆ చోటు రాగానే, పాడె మీద లేకపోయినా, ఒళ్ళు మరిచి ఊపిరి బిగబట్టాడు. ఆమె ఆ పాట వరుస ముగించి ఊపిరి తీసుకుంది. తాతయ్య ఛాతీ ఇంకా నిండుగానే ఉంది.

"అప్పుడే అయిపోయిందా?" అన్నాడు, పైకే.

పియానో ఆగింది. అందరూ వెనక్కి తిరిగారు. మార్జియా చెయ్యి అడ్డం పెట్టుకుని దీపాల వెలుగులోంచి చూసింది.

"ఎవరది? ఏం తాతా, ఇంకా కావాలా?"

"నాకింకా ఊపిరి మిగిలే ఉందమ్మాయ్. పోయినసారి ఆవిడ పాడినప్పుడు నాకు కళ్ళముందు చుక్కలు తిరిగేవి. నువ్వు పాడితే ఒక్క చుక్క కూడా రాలేదు."

కొర్రాదో తల పట్టుకున్నాడు. మార్జియా నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆ పెట్టుకోవడంలో వాళ్ళ నాన్న కనిపించాడు.

"ఆ బొమ్మని దించండి. రా తాతా, పడుకో. ఎవరి ఊపిరి ముందు అయిపోతుందో తేల్చుకుందాం."

తాతయ్య పడుకున్నాడు. ఆమె తల వాల్చి పాడింది. గొంతు సన్నబడింది, ఇంకా సన్నబడింది. తాతయ్యకు చుక్కలు వచ్చాయి. చుక్కలు కలిసి పెద్ద వెలుగయ్యాయి. ఆమె ఇంకా పాడుతూనే ఉంది. చివరికి తాతయ్య గట్టున పడ్డ చేపలా నోరు తెరిచి, థియేటర్ అంతా వినిపించేటట్టు గాలి మింగాడు. ఆమె ఆయన ముఖంలోకి చూస్తూ, తొణక్కుండా, ఆ వరుస చివరిదాకా పాడి, అప్పుడు తీరిగ్గా ఊపిరి తీసుకుంది.

"ఓడిపోయావ్ తాతా."

అందరూ నవ్వారు. తాతయ్య దిగి, తన కాగడా ఎక్కడ పెట్టాడో వెతుక్కోవడం మొదలెట్టాడు. మళ్ళీ అందరి ముందూ నవ్వులపాలయ్యాను, ఇంక ఈ జన్మకు ఇంతే అనుకున్నాడు.

"బొమ్మ వద్దు," అంది మార్జియా కొర్రాదోతో. "ఆ వరుస ఇంత పొడుగ్గా నేను ఎప్పుడూ పాడలేదు. రబ్బరు మీద తల పెడితే రబ్బరులాగే పాడతాను. కింద ఊపిరి ఉన్న మనిషి కావాలి నాకు."

"ఆ రోజు కూడా ఇలాగే గాలి మింగితే?"

"ఈలలు నాకే కదా పడేది? పడనీ."

అప్పటినుంచి అమ్మమ్మ గిన్నె మార్చి బరువైన ఇత్తడి బేసిన్ పెట్టింది. "ఆ పిల్ల పరువు కూడా తీశావంటే ఇంటికి రాకు, పాడె మీదే పడుకో," అంది.

మొదటి ఆట ఆదివారం మధ్యాహ్నం పడింది. చివరి అంకానికి తెర లేవకముందే పాడె మీద నుంచి తాతయ్య గ్యాలరీలో దగ్గు విన్నాడు. ఆ దగ్గు జెలిందోదే, ఎక్కడ విన్నా గుర్తుపడతాడు. "నేను పాట వినడానికి రాలేదయ్యా, గొంతు చూడడానికి వచ్చా," అని వాడు మెట్ల మీద అందరికీ చెప్పుకుంటూ ఎక్కాడని కూడా అప్పటికే తెలిసింది.

తెర లేచింది. మార్జియా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచుముక్కలా ఉంది. తల వాల్చినప్పుడు ఆమె గుండె తాతయ్య పక్కటెముకల మీద దడదడా కొట్టుకుంది. వియన్నాకు భయపడని పిల్ల, వాళ్ళ నాన్నను పేరు పెట్టి పిలిచేవాళ్ళు పైన కూర్చున్నారని భయపడుతోంది. తాతయ్యకు జెలిందో మీద నుంచి ధ్యాస కాస్త పక్కకు జరిగింది. పాడు తల్లీ, పాడు, అనుకున్నాడు. శవం అనుకోగలిగినంత గట్టిగా అనుకున్నాడు.

మద్దెలలు మోగాయి. బూరాలు ఊదారు. ఆమె గుండె దడ మెల్లగా తగ్గింది. గొంతు దారంలా దిగడం మొదలైంది. ఆమె జుట్టు పాయ ఒకటి జారి ఆయన ముక్కు మీద పడింది. ఆయన గొంతులో గుటక ఒకటి పైకి లేవబోయింది. పైన ఒక్క బల్ల కిర్రుమనలేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు దగ్గే గ్యాలరీ, ఆ రోజు లేనట్టే ఉంది. ఆమె పాడుతూనే ఉంది, వరుస ఇంకా సాగుతూనే ఉంది, ఇక లేదనుకున్నచోట ఇంకాస్త ఉంది.

పాట అయిపోయింది. ఆ తర్వాత గ్యాలరీ విరిగి కిందపడుతుందా అన్నట్టు కాళ్ళతో చెక్కలు దబదబా తన్నారు. "ట్రాక్టర్ పిల్లా! మళ్ళీ పాడవే!" అని ఎవరో ఏడుస్తూ అరిచారు. ఆ హోరులో తాతయ్య కదలకుండా చచ్చిపోయి ఉన్నాడు.

తెర దిగాక ముఖాన పొడి కూడా తుడుచుకోకుండా తిన్నగా బారుకు వెళ్ళి, తలుపుకేసి చూస్తూ కూర్చున్నాడు. జెలిందో వచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"చెప్పరా," అన్నాడు తాతయ్య.

"ఏం చెప్పను! ఆ చివర చూశావా, ఎలా పట్టుకుందో!"

"దాని సంగతి కాదు. నా గొంతు సంగతి."

జెలిందో అయోమయంగా చూశాడు. "నువ్వక్కడ ఉన్నావు కదూ."

"మరి పాడె మీద ఎవరున్నారనుకున్నావు, మీ మేనమామా?"

"నీ మీదే పెట్టానురా బైనాక్యులర్స్, ఒట్టు. ఆ పిల్ల గొంతు తగ్గించేసరికి అవి ఎప్పుడు దించానో నాకే తెలీదు. కళ్ళు మూసుకున్నా."

"కళ్ళు మూసుకున్నావా! ఇన్నేళ్ళు నన్ను కాల్చుకు తిని, తీరా ఇవాళ కళ్ళు మూసుకున్నావా!"

"అరవకు. మళ్ళీ ఆదివారం కూడా మూసుకుంటా."

తాతయ్య చేత్తో వైను సీసా దగ్గరికి లాక్కున్నాడు. ఇద్దరూ తాగారు. జెలిందో మామూలుగానే తాగాడు, మనిషి తాగినట్టు. పేకముక్కలు బల్ల మీదే ఉన్నాయి గానీ ఎవరూ పంచలేదు. ఇద్దరూ ఆ వరుస చివరను వేళ్ళతో బల్ల మీద కొట్టి చూసుకుంటూ, అక్కడ కాదు ఇక్కడ ఊపిరి తీసుకుందని చాలాసేపు వాదించుకున్నారు.

తాతయ్య ఇంటికి వచ్చి బూట్లు విప్పుకుంటుంటే నేను అన్నాను.

"తాతయ్యా, నువ్వు గుటక వేశావు. రెండుసార్లు. నేను చూశాను."

"ఊరు ఊరంతా ఆ పిల్ల పాట వింటుంటే నువ్వు నా గొంతు చూస్తున్నావా? మరి టికెట్ ఎందుకు కొన్నావే, గాడిదా?"